సున్నపుగుట్ట కింద తాడు పట్టుకుని

మా సున్నపుగుట్టకి ఇంత మర్యాద దక్కుతుందని మేమెవరమూ అనుకోలేదు. తమిళనాడులో ధర్మపురి దగ్గరి పాపారపట్టి నుంచి మా ఊరికి వచ్చే దారిలో మలుపు తిరగగానే ఎడమచేతి వైపు తెల్లగా, నిటారుగా కనిపిస్తుంది. మా తాతల కాలంలో దాని రాయి కొట్టి, కాల్చి, సున్నం చేసి అమ్మేవారట. ఆ బట్టీలు నేను పుట్టేనాటికే ఆరిపోయాయి. తర్వాత అది మేకలు నీడకి నిలబడే చోటు, అంతే. అలాంటిది ఇప్పుడు శని ఆదివారాలు వస్తే బెంగళూరు నుంచి కార్లలో వచ్చి, చేతులకి సుద్దపొడి రాసుకుని, ఒక్కో బొరియలో వేళ్ళు దూర్చి దాన్ని ఎక్కేవాళ్ళు తయారయ్యారు. పక్కనుంచి మేకలు ఎక్కే దారి ఉందని మొదట్లో మా ఊరివాళ్ళు పాపం జాలిపడి చూపించారు కూడా. వాళ్ళు నవ్వి, దండం పెట్టి, మళ్ళీ గోడకే అతుక్కున్నారు.

నేను మా ఊరి బడిలో పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండుతాను. చిన్నప్పుడు హోసూరు దగ్గర పెద్దమ్మ ఇంట్లో ఉండి తెలుగు బడిలో చదివాను కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. మా ఇంట్లో మిగతావాళ్ళు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. మా పిల్లా అంతే. ఇది తను చదవలేదన్న ధైర్యంతోనే తనని కాస్త ఎక్కువగా పొగడబోతున్నాను.

మా పిల్ల ధర్మపురిలో డిగ్రీ పూర్తిచేసి బెంగళూరులో పనికి చేరింది. ఇంటి లోపలే గోడలు కట్టి, వాటికి రంగురంగుల పట్లు బిగించి, ఎక్కడం నేర్పే చోటు అది. దాని ముందు బల్ల దగ్గర కూర్చుని వచ్చేవాళ్ళకి రశీదులిచ్చే ఉద్యోగం. కొన్నాళ్ళకే బల్ల వదిలి గోడ ఎక్కింది. ఇప్పుడు అక్కడే పదిమందికి నేర్పుతుంది. వాళ్ళ నాన్న అదే బెంగళూరులో మేస్త్రీ పని చేస్తాడు. ఆయన గోడలు కడుతుంటే కూతురు గోడలు ఎక్కుతోందని మా వీధిలో ఎగతాళి చేశారు. చేయనీ. ఎగతాళి చేసినవాళ్ళలో ఒక్కరికైనా మెడ ఎత్తి ఆ గుట్ట పైఅంచు దాకా చూసే ఓపిక ఉందా?

తనకి సెలవు వారం మధ్యలో దొరుకుతుంది. ఆదివారం బెంగళూరంతా ఆ గోడల జిమ్ముకే వస్తుంది కదా. అందుకని తను ఇంటికొచ్చే రోజుల్లో సున్నపుగుట్ట దగ్గర ఎవరూ ఉండరు. రాయి ఉంటుంది, ఎక్కాలన్న పిచ్చి ఉంటుంది, కింద తాడు పట్టే మనిషి ఉండదు. చిక్కు అక్కడ మొదలైంది.

ఈ ఆట తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. రాతికి అక్కడక్కడా ఇనుప బోల్టులు బిగించి ఉంటాయి. ఎక్కేమనిషి నడుముకి పట్టీ కట్టుకుని, దానికి తాడు ముడివేసుకుంటుంది. బోల్టు అందినప్పుడల్లా దానికి ఒక కొక్కెం తగిలించి, అందులోంచి తాడు పోనిస్తుంది. ఆ తాడు రెండో కొస కింద ఇంకో మనిషి నడుము దగ్గర, తాడు జారిపోకుండా బిగబట్టే చిన్న సాధనంలో ఉంటుంది. పైమనిషి పడితే కిందిమనిషి ఆపాలి. ఎక్కేది మాత్రం తన చేతులతో, కాళ్ళతోనే. తాడు మీద ఒక్కసారి బరువు వేసినా ఆ ఎక్కడం లెక్కలోకి రాదు.

ఆ గుట్ట నడుమ ఒకచోట రాయి పొట్టలా ముందుకు ఉబ్బి ఉంటుంది. దాని మీదుగా ఒక దారికి బెంగళూరు నుంచి వచ్చే ఒక గడ్డపాయన ఎంతో శ్రమపడి బోల్టులు బిగించాడు. అప్పటికి ఆ దారిని కింది నుంచి పైదాకా పడకుండా ఎక్కినవాళ్ళు లేరు. ఆయనా ప్రతి ఆదివారం ఆ పొట్ట దగ్గరే రాలిపోయేవాడు. మా పిల్లకి ఆ దారి కావాలి. చలి పోయి, కానుగ పూత మొదలైతే పెద్ద తేనెటీగలు వచ్చి సరిగ్గా ఆ ఉబ్బు కిందే పట్టు పెడతాయి. ఇక అవి లేచిపోయేదాకా ఎవరూ దాని జోలికి పోరు. అంటే మార్గళి, తై నెలల్లో, సంక్రాంతికి అటూ ఇటూ, ఎక్కితే ఎక్కినట్టు, లేకపోతే మళ్ళీ ఏడాదికే.

తనతోపాటు పనిచేసే ఒక కుర్రాడిని సెలవు పెట్టించి తీసుకొస్తానని, వాడు తాడు పడతాడని ఒక సాయంత్రం అన్నం తింటూ చెప్పింది. పక్కన మా అమ్మ ఉంది. నేను మా అమ్మని నా దగ్గరే ఉంచుకున్నాను. నిజానికి ఆవిడే నన్ను ఉంచుకుందని ఊరంతా అనుకుంటుంది, ఆ నోరు అలాంటిది. ముద్ద పళ్ళెంలో పెట్టేసి మనవరాలి వైపు తిరిగింది.

"ఆ పిల్లోడు మనకి ఏమవుతాడు? నువ్వు పడితే వాళ్ళింట్లో పొయ్యి ఆరిపోతాదా?"

మా అమ్మ కోపం అర్థం కావాలంటే మా పని తెలియాలి. మా వాళ్ళది తరాలుగా బావులు తవ్వే పని. మా నాన్న కర్రముక్క మీద కూర్చుని తాడుతో బావిలోకి దిగేవాడు. పైన ఆ తాడు పట్టేది మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు. వేరేవాళ్ళు పట్టడానికి లేదు. బావికి దిగినవాడి తాడు అతని బావమరిదే పట్టాలన్నది మాలో కట్టుబాటు. అన్నదమ్ముల మధ్య గట్టు తగాదాలుంటాయి, స్నేహితుడికి పరాకు ఉంటుంది. బావమరిది మాత్రం బావ పోతే తన అక్క మెడ బోసిపోతుందని తెలిసినవాడు. అందుకని వాడి చేతిలో తాడు జారదు. మా మామ గడ్డపారని నేలలో దిగ్గొట్టి, దానికి కాలు తన్నిపెట్టి, తాడు నడుముకి చుట్టుకుని నిలబడేవాడు. నాన్న కింద ఉన్నంతసేపూ బీడీ ముట్టేవాడు కాదు, ఎవరు పలకరించినా పలికేవాడు కాదు. కోపిష్టి మనిషే గానీ, తాడు చేతిలో ఉన్నప్పుడు ఆ మొహంలో ఉండే శాంతం నేను మళ్ళీ ఎవరి దగ్గరా చూడలేదు.

ఇప్పుడు ఆడపిల్ల ఎక్కుతోంది. పెళ్ళి కాలేదు, మొగుడూ లేడు, బావమరిదీ లేడు. కట్టుబాటులో ఆడదాని తాడు సంగతి ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే మా ఆడవాళ్ళు తట్టలు మోశారు గానీ తాడు కట్టుకోలేదు. మా అమ్మ మాత్రం తడుముకోలేదు.

"ఎవురికి కడుపుకోతో వాళ్ళు పట్టల్ల తాడు. మీ అమ్మ పట్టనీ" అంది, మళ్ళీ ముద్ద ఎత్తుకుంది.

మా పిల్ల నా వైపు చూసింది. నేను కూర వడ్డిస్తున్నట్టు నటించాను. లోపల మాత్రం, నిజం చెబుతున్నాను, నాకు గర్వం పొంగింది. మా ఇంట్లో మా మామ తర్వాత తాడు నాకు వచ్చింది.

గడ్డపాయన ఒక ఆదివారం నాకు నేర్పాడు. కన్నడం, తమిళం కలిపి మాట్లాడే ఓపికైన మనిషి. చీర మీద మా ఆయన పాత చొక్కా వేసుకుని, దాని మీద పట్టీ బిగించుకుని వచ్చినదాన్ని చూసి ఆయన నవ్వలేదు. అందుకే ఆయనంటే నాకు గౌరవం. కిందిచెయ్యి ఏ క్షణమూ తాడుని వదలకూడదన్నాడు. అది నాకు చెప్పక్కర్లేదు. కానీ పైచేత్తో తాడు ఇస్తూ ఉండాలనీ, ఎక్కేమనిషి కొక్కెంలో తగిలించడానికి తాడు లాక్కున్నప్పుడు అడ్డం లేకుండా రావాలనీ, బిర్రుగా పడితే మనిషిని మనమే రాతి మీదనుంచి ఊడబెరికినట్టనీ ఆయన ఎంతో చెప్పాడు. నేను తల ఊపాను. చెవులు విన్నాయి. చేతులకి చెవులు లేవు.

మా మామ మాకు చిన్నప్పుడే తాడు పట్టడం ఆటగా నేర్పాడు. నీళ్ళ చెంబుకి తాడు కట్టి బావిలో వేలాడదీసి మా చేతికిచ్చేవాడు. తాడు కాస్త సడలితే నెత్తిన మొట్టికాయ. తాడు బిర్రుగా ఉంటేనే కిందున్నవాడి ప్రాణం పైనున్నవాడికి తెలుస్తుందనేవాడు. ఆ మాట నా వేళ్ళలోకి దిగిపోయింది. ఇప్పుడు ఎవరో వచ్చి సడలించమంటే నా వేళ్ళు ఎలా ఒప్పుకుంటాయి?

ఒక పొద్దున్న, బడికి పోకముందు, ఇద్దరమే గుట్ట కిందికి వెళ్ళాం. పొద్దుటిపూట ఆ గోడకి ఎండ తగలదు, రాయి చల్లగా ఉంటుంది. మా పిల్ల ఎక్కుతుంటే నోరు తెరుచుకుని చూశాను. అంతకుముందు నేను దాన్ని ఇంత దగ్గరగా చూడలేదు. బలంతో ఎక్కుతారనుకున్నాను. కాదు. రెండు వేళ్ళు మాత్రమే పట్టే బొరియలో వేళ్ళు పెట్టి, కాలి బొటనవేలిని ఒక చిన్న గీత మీద ఆనించి, తొందరేమీ లేనట్టు నడుముని పక్కకి తిప్పుతుంది. అంతలో పైచెయ్యి ఇంకో బొరియలో ఉంటుంది. నేను రొట్టె తిరగేసినట్టు, చూడకుండానే, కాలికి చోటు దొరుకుతుంది. ఇంట్లో తన దువ్వెన ఎక్కడ పెట్టిందో తనకే తెలియని పిల్ల, ఆ గుట్టలో ఏ బొరియ ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెబుతుంది. మా వాళ్ళు తరతరాలు రాతిని పగలగొట్టి బతికారు. దానికి ఏ గాయమూ చేయకుండా దాని మీద ఇంత పని చేయవచ్చని మా వంశంలో మొదట కనుక్కున్నది మా పిల్లే.

పొట్ట దగ్గరికి వచ్చింది. ఎడమచేత్తో వేలాడుతూ, కుడిచేత్తో కొక్కెం కోసం తాడు పైకి లాక్కుంది. నా చేతిలోంచి తాడు జరజరా పోతోంది. ఉడుం పట్టు పట్టాను. పట్టడమే కాదు, వెనక్కి ఒక గుంజు గుంజాను.

మా పిల్ల రాతి మీదనుంచి ఊడి వచ్చింది. వేలాడుతూ ఊగి, మోకాలు రాతికి కొట్టుకుంది. దించాను. నీళ్ళు తాగింది, మళ్ళీ ఎక్కింది. మళ్ళీ అదే చోట, మళ్ళీ నేను అదే పని చేశాను. ఈసారి దిగాక మోకాలు చెక్కుకుపోయినచోట సుద్దపొడి దులుపుకుంటూ అంది.

"అమ్మా, పట్టుకొనింది నువ్వే, పడేసింది నువ్వే."

నాకు ఒళ్ళు మండింది. నీ ప్రాణం కోసం పట్టుకుంటే నన్నే అంటావా అని దులిపేశాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం నేను, అది నాకూ తెలుసు. బస్సెక్కేముందు, వచ్చే వారం ఆ కుర్రాడినే తీసుకొస్తానని, ఈ ఒక్కసారికి అవ్వకి సర్దిచెప్పమని అడిగింది. కసురుకుని ఉంటే బాగుండేది. మెత్తగా అడిగింది. ఆ రోజు బడిలో సాంబారులో ఉప్పు రెండుసార్లు వేశాను. పిల్లలు పాపం మంచివాళ్ళు, మజ్జిగ పోసుకుని తిన్నారు.

నాకు కోపం తగ్గాక మిగిలింది భయం. తాడు నా చేతిలోంచి పోతుందన్న భయం. వేరేవాడు నా కంటే బాగా పట్టుకుంటాడన్నది నిజమే. ఆ కుర్రాడు బుద్ధిమంతుడనీ విన్నాను. అయినా నా బిడ్డ గాలిలో ఉన్నప్పుడు నేను పొయ్యి దగ్గర పప్పు కలుపుతూ ఉండాలా? ఉండలేను. అలాగని నా చేతులు చేసే పనిని నేను ఆపలేకపోతున్నాను. ఊడబెరికేదీ ఆ చేతులే, పట్టుకోవాలని తపించేదీ అవే.

మా అమ్మకి నాలుగు మేకలున్నాయి. అందులో ఒక నల్లది మహా తిక్కది, మెడకి తాడు కాస్త తగిలితే చాలు, కాళ్ళు తన్నిపెట్టి మొరాయిస్తుంది. ఆ మర్నాడు సాయంత్రం పట్టీ కట్టుకుని, మా పిల్ల ఇంట్లో వదిలిపెట్టిన తాడుని నడుము దగ్గర ఆ సాధనంలో పెట్టి, రెండో కొస ఆ నల్లమేక మెడకి కట్టి మేతకి వదిలాను. అది ముందుకి పోతే తాడు ఇవ్వాలి. ఆగితే ఆపాలి. వెనక్కి వస్తే తీసుకోవాలి. కిందిచెయ్యి వదలకూడదు. నేనొకదాన్ని తాడు కొసన ఉన్నానని మేకకి తెలియనే కూడదు. అదీ నేను పెట్టుకున్న పరీక్ష.

మొదటిరోజు మేక నన్ను తిట్టని తిట్టు లేదు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. మా అమ్మ గడపలో కూర్చుని, "మేకకి ట్యూషన్ చెప్తా ఉండావా?" అని అడిగింది. నేను జవాబివ్వలేదు. తాడు చేతిలో ఉండగా మా మామ ఎవరికీ జవాబిచ్చేవాడు కాదు.

రోజూ అదే పని. మెల్లగా ఒకటి తెలిసింది. తాడుని చూస్తే లాభం లేదు, మేకని చూడాలి. అది మెడ చాచబోయే ముందు దాని భుజం కదులుతుంది. భుజం కదలగానే తాడు ఇస్తే, అది మెడ చాచేసరికి తాడు సిద్ధంగా ఉంటుంది. అంటే అది అడిగాక ఇవ్వడం కాదు, అడగబోతోందని తెలుసుకుని ఇవ్వడం. మా మామకి బిర్రు తాడులోంచి తెలిసిన మనిషి నాకు కళ్ళలోంచి తెలియాలి. అంత చిన్న విషయం నా బుర్రకి ఎక్కడానికి ఒక మేక కావలసి వచ్చింది.

వారం తిరిగింది. మా పిల్ల ఒక్కతే వచ్చింది. ఆ కుర్రాడు మర్నాడు పొద్దున్న బస్సుకి వస్తాడట. తను వచ్చేసరికి నేను గట్టు మీద ఉన్నాను. నల్లమేక చాలా దూరంలో తుమ్మకాయలు ఏరుకు తింటోంది, మా మధ్య తాడు మెత్తగా నేల మీద వాలి ఉంది. మేక అటూ ఇటూ తిరుగుతోంది, ఒక్కసారైనా తల విదిలించలేదు. మా పిల్ల సంచీ భుజాన ఉండగానే అలాగే నిలబడి చాలాసేపు చూసింది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. ఫోను తీసి ఆ కుర్రాడికి రావద్దని చెప్పింది.

"రేపు పొద్దున నువ్వే పట్టమ్మా" అంది నాతో.

ఆ పొద్దున్న మంచు పల్చగా ఉంది. మా పిల్ల ముడి వేసుకుంది. నేను దాని ముడి చూశాను, అది నా సాధనం చూసింది. ఇది వాళ్ళ పద్ధతి, ఎంత అనుభవం ఉన్నా ఒకరిది ఒకరు చూడాలి. నాకు ఆ పద్ధతి చాలా నచ్చుతుంది.

ఎక్కింది. నేను తాడుని చూడలేదు. దాని భుజాలనే చూశాను. కుడిభుజం కదిలితే ఇచ్చాను. ఆగితే ఆపాను. పొట్ట దగ్గరికి వచ్చి తాడు లాక్కుంది, జరజరా ఇచ్చాను. ఇంకా లాక్కుంది. ఇచ్చాను. కొక్కెం పడింది. ఆ పైబొరియకి చెయ్యి చాచింది, వేళ్ళు అందుకున్నట్టే అందుకుని జారాయి.

పడింది. ఈసారి నిజంగా తనే పడింది. తాడు బిగుసుకునేసరికి నేను నేల వదిలి పైకి లేచాను, నా చెప్పులు కిందే ఉండిపోయాయి. అది కిందికి, నేను పైకి, నడిమధ్య ఇద్దరం ఎదురెదురుగా ఆగాం. దాని మోకాలు ఈసారి రాతికి తగల్లేదు, మెత్తగా ఊగుతోంది. చెమటతో, సుద్దపొడితో దాని మొహం తెల్లగా ఉంది. పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. "ఇట్లేమా, ఇట్లే" అంది. కిందిచెయ్యి వదిలానేమోనని చూసుకున్నాను. వదల్లేదు.

దించి, కూర్చోబెట్టి, నీళ్ళిచ్చాను. చేతులు విదిలించుకుంటూ చాలాసేపు ఆ పొట్ట వైపే చూసింది. బడికి వేళవుతోందని నాకు తెలుసు, దానికీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. మళ్ళీ ముడి వేసుకుంది.

రెండోసారి ఎక్కినప్పుడు అందులో తొందర ఏమీ లేదు. మొదటిసారి కంటే నెమ్మదిగా ఎక్కిందేమో కూడా. పొట్ట దగ్గర కొక్కెం తగిలించి, ఒక్క క్షణం ఆగి, ఊపిరి వదిలింది. ఆ ఊపిరి చప్పుడు నాకు కిందికి వినిపించింది. భుజం కదిలింది. తాడు ఇచ్చాను. చెయ్యి బొరియలో దిగింది, నిలిచింది. కాళ్ళు రెండూ రాతిని వదిలి గాలిలో ఊగాయి. నా వేళ్ళు బిగుసుకోబోయాయి. వద్దని నేనే వాటికి చెప్పాను. మడమని నెత్తి ఎత్తున ఒక అంచు మీద వేసి, ఒళ్ళంతా దాని మీదికి లాక్కుని, ఉబ్బు దాటిపోయింది. ఆ తర్వాత నాకు కనిపించలేదు. పొట్ట అడ్డం. కనబడని బిడ్డకి కనబడని చోటికి తాడు ఇస్తూ నిలబడ్డాను. తాడు పోతూనే ఉంది. ఆగింది. మళ్ళీ పోయింది. నా జీవితంలో అంత బాగా నేను ఏ పనీ చేయలేదు, అంత భయపడుతూ కూడా ఏ పనీ చేయలేదు.

పైన, దారి ముగిసేచోట బిగించిన గొలుసుకి కొక్కెం తగిలిన చప్పుడు వినిపించింది. తర్వాత దాని గొంతు, చాలా ఎత్తు నుంచి, మామూలుగా.

"అమ్మా, టైట్ చెయ్యి."

తాడుని బిగించే దాకా లాగాను. అది రాతిని రెండు చేతులా వదిలేసి తాడు మీద కూర్చుంది. దాని బరువంతా ఒక్కసారి నా నడుము మీదికి వచ్చింది. నడక బాగా వచ్చాక చంకనెక్కడం మానేసిన పిల్ల. అప్పటినుంచి దాని బరువెంతో నాకు తెలియదు. ఇంత పెరిగిందా అనుకున్నాను. కళ్ళు మసకేశాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"దించమ్మా, బడికి టైం అవుతా ఉండాది" అంది పైనుంచి.

"దించుతాను ఉండు" అన్నాను. ఇంకాసేపు దించలేదు.